ఎంచిలాడా బాగుంది

చిప్స్ బుట్ట వచ్చి చాలాసేపయింది, ఆయన చెయ్యి ఇంకా బల్ల కింద మోకాలి మీదే ఉంది, ఒక్కటంటే ఒక్కటి తీసి నోట్లో వేసుకుంటే ఏం పోయింది, రుచి తెలియకపోతే పోయింది, కరకర అయినా తెలుస్తుంది కదా, డాక్టరు కూడా అదే అన్నాడు, మెత్తనివి వద్దమ్మా, కరకరలాడేవి పెట్టండి, వేడివీ చల్లనివీ మార్చి మార్చి పెట్టండి, నోటికి ఏదో ఒక పని కల్పించండి అని. చెప్పడానికేం, తిరిగే కుర్చీలో కూర్చుని ఎన్నైనా చెబుతారు, కంచం ముందు కూర్చున్న మనిషి ముద్ద వైపు గోడ వైపు చూసినట్టు చూస్తుంటే ఎదురుగా కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది ఆ నరకం. ఆమె బుట్టను ఇంకొంచెం ఆయన వైపు జరిపింది. ఆయన మర్యాదగా దాన్ని మళ్ళీ బల్ల మధ్యకు జరిపాడు. చొక్కా కాలరు మెడకు దూరంగా నిలబడి ఉంది, ఆ ఖాళీలో ఆమె రెండు వేళ్ళు దూరతాయి, పోయిన నెల ఒక వేలే దూరేది. బుధవారం మళ్ళీ బరువు చూస్తారు. ఈసారి కూడా తగ్గితే ఇంక ఇంటికి పంపేది లేదని, చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేసి పాలలాంటిదేదో నేరుగా కడుపులోకి పోయిస్తామని చెప్పారు. ముక్కులోంచి. ఎందుకూ పనికిరాకుండా పోయిన ఆ ముక్కులోంచే. ఆయన ఆ మాట విని సరేనన్నాడు, బస్సు రావడం ఆలస్యమవుతుందంటే సరేనన్నట్టు. ఆమెకు మాత్రం ఆ గది గోడలన్నీ ఒక్కసారి దగ్గరికి జరిగినట్టయింది. గొట్టం దాకా వెళ్ళిన మనిషి మళ్ళీ చెంచా పట్టుకుంటాడా, పట్టుకోడు, ఆమెకు తెలుసు, ఎలా తెలుసంటే చెప్పలేదు గానీ తెలుసు. కాబట్టి ఇవాళ తినాలి. ఎక్కడైనా సరే, ఏదైనా సరే, చివరికి ఈ దిక్కుమాలిన చోటైనా సరే.

దిక్కుమాలిన చోటు కాక మరేమిటి, పైన పటారం లోన లొటారం. గోడ మీద బండి చక్రమంత టోపీ, మూలన బల్బులు చుట్టిన ప్లాస్టిక్ నాగజెముడు, తీగలు లేని గిటారు, దాని మీద దుమ్ము. ఈ యజమాని జన్మలో మెక్సికో ముఖం చూసి ఉండడు, ఇదే కొట్టులో ఇదివరకు పరుపులు అమ్మేవాడు, పరుపులు పోక టోపీ తగిలించాడు, అంతే, ఇప్పటికీ లోపలికి అడుగుపెడితే ఆమెకు కొత్త పరుపు మీది ప్లాస్టిక్ కవరు వాసన వస్తుంది. ఆయనకు రాదు, అదృష్టవంతుడు. ఛీ, ఏం మాట అది. మెనూ కార్డు మీద ధర మీద ధర అంటించి అంటించి ఆ చోటు చిన్న గుట్టలా లేచింది, వేలితో తడిమితే తగులుతుంది, వచ్చిన ప్రతిసారీ గుట్ట పెరుగుతుంది, కంచంలో వస్తువు తగ్గుతుంది. సాల్సా అని ఇచ్చేది టమాటా సాసులో తరిగి పడేసిన ఉల్లిపాయ. గ్వాకమోలే, అదే ఆ అవకాడో పచ్చడి, చెంచాడు ఊరికే ఇస్తారు, రెండో చెంచా అడిగితే దానికి విడిగా బిల్లు, ఆ మొదటి చెంచా కూడా ఎప్పుడు నూరారో, అంచులు గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. ఆమె రోజంతా డ్రైవింగ్ స్కూల్లో భయస్తులందరి పక్కనా కూర్చుని, గేరు మార్చండి, అద్దం చూడండి, క్లచ్చు మెల్లగా వదలండి అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని సంపాదించిందంతా శనివారం మధ్యాహ్నం ఇక్కడికి తెచ్చి పోస్తుంది. పోనీ, పోయేది డబ్బే కదా అనుకుంటుంది. ఆయన తింటే ఇంకో గుట్ట అంటించుకున్నా ఇచ్చేస్తుంది. తినడు. రెండు ముక్కలు నోట్లో పెట్టుకుంటాడు, చెంచా పక్కన పెడతాడు, మిగిలింది డబ్బాలో కట్టించుకుని ఇంటికి తీసుకెళ్ళి ఆదివారమంతా ఆమె తింటుంది.

అసలు ఈయన, తిండి విషయంలో ఈయనకన్నా గయ్యాళి ఈ భూమ్మీద ఉన్నాడా. పెళ్ళయిన కొత్తలో మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంటే మెచ్చుకుంటాడని ఎదురుచూసింది, కళ్ళు తెరిచి, ఉప్పు చిటికెడు తక్కువ, నూనె కాగకముందే ఉల్లిపాయ వేశావు అన్నాడు. అది మొదలు. ప్రతి పూటా కోర్టే, మొదటి ముద్ద తీర్పు. ఆమె వంట చేస్తూ రుచి చూడదు, వాళ్ళమ్మ అలా నేర్పింది, వండేది కంటితో చూడాలి చేత్తో చూడాలి, నాలుకతో చూసేది తినేవాళ్ళ పని అని, కాబట్టి ఆ ఇంట్లో ఉప్పు ఎంత పడిందో మొదట తెలిసేది ఆయనకే. ఆయన చెబితే ఆమె మరునాడు దిద్దుకునేది. దిద్దుకుంటూనే తిట్టుకునేది. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు నోరు మూసుకుని తినండి, నేను మనిషిని కానా అని గిన్నె ఎత్తి పడేసిన రోజు కూడా ఉంది. ఆయన నేల మీద పడ్డ కూర వేలితో తీసి నోట్లో పెట్టుకుని, ఇది మాత్రం సరిగ్గా కుదిరింది, అన్యాయంగా పారబోశావు అన్నాడు. నవ్వు ఆపుకోలేక చచ్చింది ఆ రోజు. అక్క ఫోను చేసినప్పుడల్లా మీ ఆయన ఇవాళ ఏ వంక పెట్టాడే అని అడిగేది, అక్కాచెల్లెళ్ళిద్దరూ గంటసేపు అదే మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు అక్క అడగదు. వంకలు పెట్టే మనిషికి వంక దొరకకుండా పోతే ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దం ఉంటుందో అక్కకు ఎలా చెప్పడం. నోరు మూసుకుని తినమంది కదా. మూసుకున్నాడు. తినడమే లేదు.

వంటగది తలుపు ఊగింది, ఎవరి బల్లకో బుసబుసలాడే ఇనప పెనం పట్టుకుని వెయిటరు వెళ్ళాడు, గడ్డం నెరిసిన మనిషి, కాళ్ళు నొప్పులేమో, ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు. తమది కాదు. ఇంకా రాలేదు. ఆలస్యమైతే మంచిదే అనిపించింది, ఆ కంచం రానంతసేపూ ఆయన తింటాడేమోనన్న ఆశ అలాగే ఉంటుంది. ఈ బల్లే, సరిగ్గా ఈ మూలబల్లే మొదటిసారి వచ్చిన ఆ రోజు కూడా. తీసుకొచ్చింది ఎవరు, తనే. ఆమె దగ్గర బండి నేర్చుకుని పరీక్ష పాసైన ఒకావిడ, మేడం, కొత్తగా మెక్సికన్ పెట్టారు, తప్పకుండా వెళ్ళండి, అద్భుతం అంది. బండి సందులోంచి తియ్యడమే సరిగ్గా రానిదానికి అద్భుతం అంటే ఏం తెలుసు. అయినా ఆమె వెంటపడింది, ఎప్పుడూ నా వంటేనా, ఒక్కరోజు నాకూ వంట తప్పించండి, నేను పెట్టిస్తాను పదండి అని. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఆయన మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని తెరిచి మొదలుపెట్టాడు, బీన్స్ నిన్నటివి, చీజు కరిగించలేదు భయపెట్టారు, ఈ రొట్టె అట్టపెట్టె తడిపితే ఇలాగే ఉంటుంది అని. బిల్లు చూసి అయితే గుండె పట్టుకున్నాడు. బయటికొచ్చాక కూడా ఆగలేదు, ఆమె ముందు నడుస్తోంది కోపంగా, ఆయన వెనక వస్తూ, జన్మలో ఇంకోసారి నన్ను ఇక్కడికి తీసుకొచ్చావంటే, అని చెయ్యెత్తాడు, అప్పుడే ఎవరో కడిగి వదిలేసిన మెట్టు, తడి, కాలు జారింది. తల వెనకభాగం మెట్టు అంచుకు కొట్టుకున్న చప్పుడు. ఆమె ఆ చప్పుడు విని వెనక్కి తిరగలేదు వెంటనే. ఏదో కిందపడేసుకుని ఉంటాడు, వెతుక్కోనీ అనుకుంది. ఆ ఒక్క క్షణం ఆమె నిద్రలో కూడా తిరుగుతూనే ఉంటుంది, మెడ తిప్పుతూనే ఉంటుంది.

నెత్తురు పెద్దగా రాలేదు, స్కానింగ్ తీశారు, కుట్లు వేశారు, మీ అదృష్టం బాగుందన్నారు. మూడోనాడు ఆస్పత్రి టీ తాగి, ఇది టీ కాదు వేడినీళ్ళు అన్నాడు, ఆస్పత్రి టీ అంతే కదా అని ఆమె నవ్వింది. ఇంటినుంచి ఫ్లాస్కులో తెచ్చి పోసింది. ఇదీ వేడినీళ్ళే అన్నాడు. అప్పుడు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముక్కునుంచి మెదడుకు వెళ్ళే సన్నటి నరాలు ఆ దెబ్బకు తెగి ఉంటాయట, కొందరికి మళ్ళీ అతుక్కుంటాయట, కొందరికి లేదట, ఎదురుచూడడమేనట. వాసన పోతే రుచి కూడా దాదాపు పోయినట్టేనని వాళ్ళు చెప్పేదాకా ఆమెకు తెలియదు. నాలుక నాలుకే కదా, దానికేమైంది అని అడిగింది. ఉప్పు, తీపి, పులుపు, కారం ఎక్కడో దూరంగా తెలుస్తాయి తప్ప ఫలానా వస్తువని తెలియదన్నారు. గ్యాసు కంపెనీలో ఈయనను ముక్కాయన అనేవాళ్ళు. పొయ్యిలు, పైపులు బాగుచెయ్యడానికి ఇంటింటికీ తిరిగేవాడు, గడప దగ్గరే ఆగి, మీ ఇంట్లో వెనకవైపు లీకవుతోంది అనేవాడు, మిషను పెట్టి చూస్తే నిజమే అయ్యేది. ఇప్పుడు ఆఫీసులో ఫోను దగ్గర కూర్చోబెట్టారు. వాసన వస్తోందని ఎవరో కంగారుగా ఫోను చేస్తారు, ఈయన కిటికీలు తెరవండి, స్విచ్చులు ముట్టుకోకండి, మనిషిని పంపిస్తాం అంటాడు. మనిషిని పంపిస్తాం. ఆ మాట రోజుకు ఎన్నిసార్లు అంటాడో, ఎన్నిసార్లు తను మనిషి కానట్టు అనిపిస్తుందో, ఇంటికొచ్చి చెప్పడు. ఒకరోజు ఆమె ఇంటికి వచ్చేసరికి పాలు పొంగి పొయ్యి ఆరిపోయి గ్యాసు వంటగదంతా నిండి ఉంది, ఆయన అక్కడే, పొయ్యికి బారెడు దూరంలో, స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆమె ఏమీ అనలేదు, కిటికీలు తెరిచింది. ఆ రోజు నుంచి ఆయన అన్నం తగ్గింది. అంతకుముందు తింటున్నట్టు నటించేవాడు, తర్వాత నటన కూడా మానేశాడు.

ఆకలి రుచెరుగదంటారు. రుచి పోతే ఆకలి కూడా మెల్లగా సర్దుకుని వెళ్ళిపోతుందని మాత్రం ఎవరూ అనలేదు. ఏం చెయ్యలేదు ఆమె, కారం దంచి పోసింది, నిమ్మకాయలు పిండింది, ఐసుముక్కలు నమలమంది, కంచం రంగు మార్చింది, పిల్లలకు చెప్పినట్టు కథలు చెప్పింది. ఏది పెట్టినా ఒకటే మాట, బాగుంది. మెతుకు విడదీసి మెతుకు నమిలి, బాగుంది, కడుపు నిండిపోయింది. ఆ బాగుంది వినలేక ఒకరోజు కావాలనే కూరలో ఉప్పు రెండింతలు వేసింది, నోట్లో పెట్టుకుంటే మండిపోవాలి, ఉప్పన్నది కాస్తో కూస్తో తెలుస్తుందన్నారు కదా, తెలిస్తే తిట్టాలి కదా. తిట్టు నాయనా, గిన్నె ఎత్తి నా నెత్తి మీద కొట్టు, నీకు పుణ్యం ఉంటుంది అని లోపల దండం పెట్టుకుంటూ ఎదురుగా కూర్చుంది. ఆయన ఒక ముద్ద తిన్నాడు, నీళ్ళు తాగాడు, ఆమె వైపు చూశాడు, బాగుంది అన్నాడు. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఏదైనా ఒకటే. స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చింది. ఆ కూర తనే తిన్నది, తనకు పడాల్సిన శిక్షే అనుకుని. ఆ తర్వాత ఇంట్లో వంట ఎలా ఉంటోందో ఆమెకే తెలియడం మానేసింది, చెప్పేవాడు లేక చెయ్యి దారి తప్పింది, ఒకరోజు చప్పగా, ఒకరోజు ఉప్పగా, ఎవరు చెప్పాలి. తను తింటుంది గానీ రుచి చూడదు, ఎదుటి కంచం వైపే చూస్తూ తింటే ఏం తెలుస్తుంది. అలాంటి రోజుల్లో ఒక శనివారం ఆయన తనంతట తానే అడిగాడు. ఆ మెక్సికన్ చోటికి వెళ్దామా అని. ఆమెకు చెవులు నమ్మబుద్ధి కాలేదు. తినాలనిపించిందంటున్నాడు కదా అని పరుగున తీసుకొచ్చింది, అప్పటినుంచి ప్రతి శనివారం ఇదే తంతు.

ఇదే ఎందుకు. అదే ఆమె కడుపులో రగిలేది, పక్కన కూర్చున్న కుర్రాడెవడో బండిని డివైడరు మీదికి ఎక్కిస్తుంటే తన కాలి కిందున్న రెండో బ్రేకు తొక్కుతూ కూడా ఆలోచించేది అదే. ఇన్నేళ్ళు రెండు పూటలా వండి పెట్టిన చెయ్యి. ఒక్క వంటకం గుర్తొచ్చి, అది చెయ్యి, ఎలా ఉండేదో ప్రయత్నిస్తాను అని ఎప్పుడైనా అన్నాడా. లేదు. ఈ పరుపుల కొట్టువాడి పులిసిన బీన్స్ కావాలి. అవును, ఆయన నాలుక మీద చివరిగా ఉన్న రుచి ఇదే, ఆ మెట్టుకు ముందు తిన్నది ఇదే, ఆ తర్వాత అంతా వేడినీళ్ళే. ఆ సంగతి ఆమెకు ఎప్పుడో తట్టింది, తట్టినప్పుడు పొద్దున తనేం పెట్టిందా ఆ రోజు అని వెతుక్కుంది, ఎంతకీ గుర్తుకు రాలేదు, తరగతికి ఆలస్యమవుతోందని రొట్టె కాల్చి పడేసినట్టుంది, మాడిందన్నాడేమో కూడా. ఆమె చేతి చివరి ముద్ద మాడిన రొట్టె. బంగారంలాంటి వంట చేసిన రోజులు వందలున్నాయి, ఆ వంటల్లో ఒక్కటి ఆ పొద్దున పడి ఉండకూడదా. ఎవరితో పోట్లాడాలి దీనికి. అక్కతో చెబితే, పిచ్చిదానా, మనిషి చిక్కి శల్యమవుతుంటే నీకు ఈ అసూయ ఏమిటే, అదీ బీన్స్ మీద అంటుంది. అసూయే. బీన్స్ మీద అసూయ పడే ఆడది లోకంలో ఇంకొకతె ఉండదు.

ఒరిగిన ఆ నడక ఈసారి తమ వైపే వచ్చింది. వెయిటరు కంచాలు దించి, ప్లేటు కాలుతోంది, చూసుకోండి అన్నాడు, ఎప్పుడూ అనే మాటే, ఎప్పుడూ కంచం గోరువెచ్చగానే ఉంటుంది. రెండు ఎంచిలాడాలు, అంటే కోడిమాంసం పెట్టి చుట్టిన రొట్టెలు, వాటి మీద ఎర్రటి సాసు, సాసు మీద గడ్డకట్టడానికి సిద్ధంగా ఉన్న చీజు, పక్కన అన్నం ఒక గరిటె, బీన్స్ ఒక గరిటె, పేరుకు ఒక ఆకు. అర గరిటె అనాలి. ఆయన చెంచా పట్టుకున్నాడు గానీ దించలేదు, ఆమె వైపు చూస్తున్నాడు. ఇది కూడా ప్రతి శనివారం ఉండేదే, ముందు ఆమె తినాలి, తిని చెప్పాలి. ఆమె ఒక ముక్క కోసింది. కొయ్యడానికి రాలేదు, సాగింది, తెంపింది. నోట్లో పెట్టుకుంది. అయ్యో, ఇవాళ మరీ ఘోరం, మధ్యలో చల్లగా ఉంది, లోపలిది కోడిమాంసమా పీచా, సాసు పుల్లగా మొదలై చివర్లో ఏదో డబ్బా వాసన. మింగాలి, ముఖం కదలకూడదు, చిరునవ్వు పెట్టాలి, ఈయన తింటే చాలు, దేవుడా, అబద్ధం ఆడినందుకు నన్ను ఏమన్నా చెయ్యి, ఈ మనిషి మాత్రం ఇవాళ తినాలి, బుధవారం ఆ గొట్టం వద్దు, కళ్ళు తుడుచుకోకూడదు, తుడుచుకుంటే కారం అనుకుంటాడులే.

"ఎలా ఉంది?"

"బాగుంది. ఇవాళ చాలా బాగుంది."

ఆయన ఒక ముక్క తిన్నాడు. నమిలాడు. మింగాడు. ఆమె కాలు బల్ల కింద నేలను గట్టిగా తొక్కుతోంది, ఆగమనో, పొమ్మనో ఆమెకే తెలియదు. ఇంకొకటి, ఇంకొక్కటి తీసుకో. తీసుకున్నాడు, అన్నం కొంచెం, బీన్స్ కొంచెం. అంతే. చెంచాను కంచం అంచున బోర్లా పెట్టి, నాప్‌కిన్ మడిచి, ఆమె ముఖంలోకి చూసి చిన్నగా నవ్వాడు. ప్రతి శనివారం ఇదే నవ్వు, ఇంతే లోకువగా, ఓపిగ్గా, ఏదో చిన్నపిల్లను చూసి నవ్వినట్టు. ఆమెకు ఒళ్ళు మండింది. మండడం కాదు, లోపల ఎక్కడో నెలల తరబడి బిగించి పట్టుకున్నది పట్టు తప్పింది. ఈ మనిషి నా కళ్ళముందే కొంచెం కొంచెంగా పోతున్నాడు, పోతూ పోతూ నవ్వుతున్నాడు, నేను వడ్డిస్తూ కూర్చున్నాను. పక్కబల్ల వాళ్ళు విన్నా సరే.

"ఎందుకు నవ్వుతారండీ అలా? రెండు ముక్కలు తిని చెంచా పెట్టేసి నవ్వడమేమిటి? బుధవారం ఏం చేస్తారో మీకు గుర్తుందా? నేనేం చెయ్యాలో చెప్పండి, అదే చేస్తాను. నాకింక ఏమీ తోచడం లేదు."

ఆయన బోర్లా పెట్టిన చెంచాను తిప్పి వెల్లకిలా పెట్టాడు, మళ్ళీ బోర్లా పెట్టాడు.

"నువ్వు అబద్ధం చెబుతుంటే నవ్వొచ్చింది," అన్నాడు. "లోపల చల్లగా ఉంది కదా?"

ఆమె తన కంచంలో ముక్క తెంపిన చోటు వైపు చూసింది.

"అన్ని రుచులూ పోయాయి. మా అమ్మ చేసినవి, నువ్వు చేసినవి, ఎంత తలుచుకున్నా పేర్లే వస్తున్నాయి, నోట్లోకి రావడం లేదు. ఇదొక్కటే మిగిలింది. మెట్టు దాకా తిట్టుకుంటూ వచ్చాను కదా, అందుకని అంటుకుపోయినట్టుంది. నువ్వు ఒక ముక్క నోట్లో పెట్టుకోగానే నీ ముఖం చూస్తే, ఇప్పుడు సాసు, ఇప్పుడు చీజు, ఇప్పుడు ఆ డబ్బా వాసన, వరసగా తెలుస్తుంది. ఇక్కడైతే నీ నోట్లో ఏముందో నాకు తెలుసు. ఇంట్లో తెలియదు. ఇంట్లో నువ్వేదో తింటుంటావు, నేనేదో నములుతుంటాను, ఒకే బల్ల దగ్గర కూర్చుని నేనొక్కణ్ణే తింటున్నట్టుంటుంది." కంచాన్ని వేలితో కొంచెం అవతలికి తోశాడు. "ఇక్కడా నువ్వు బాగుంది అంటావు. అనగానే మళ్ళీ ఒక్కణ్ణే అయిపోతాను. ఇంకెందుకు తినడం అనిపిస్తుంది."

ఆమెకు మొదట వచ్చింది కోపమే. ఇన్ని శనివారాలు, ఇంత డబ్బు, ఆదివారాలు తను మింగిన ఆ చల్లటి అట్టలు, ముందే ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా పెద్దమనిషి. తర్వాత ఆ కోపం నిలబడలేదు. ఒక్కణ్ణే అన్న మాట దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తను ఇంతకాలం ఆయన కంచంలోకి చూస్తూ కూర్చుంది, ఎన్ని మెతుకులు పోయాయి ఎన్ని మిగిలాయి అని, ఆయనేమో తన ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు, తలుపు ఎప్పుడు తీస్తుందా అని. తనేమో లోపలినుంచి గడియ పెట్టుకుని నవ్వు ముఖం పెట్టుకుంది. ఆయన బతకాలని చెప్పిన ప్రతి బాగుందీ ఆయన నోటి దగ్గర ముద్దను లాగేసింది. తన నాలుక మీద ఏముందో చూసుకుని ఎన్నాళ్ళయింది. ఆమె ఇంకో ముక్క తెంపింది, ఈసారి ముఖాన్ని దాని ఇష్టానికి వదిలేసింది. అది ముడుచుకుంది, ముక్కు చిట్లింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తిరగనిచ్చింది.

"ఛీ," అంది. "కోడి కాదండీ ఇది. పీచు. తాడు నమిలినట్టుంది. నిన్నటిది కూడా కాదు, మొన్నటిది, మళ్ళీ వేడి చేశారు, అది కూడా అంచులే చేశారు."

ఆయన చెంచా తీసుకున్నాడు. ఆమె కళ్ళల్లోకి చూస్తూనే ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు. "చీజు?"

"పళ్ళకు పట్టుకుంది. నాలుకతో తీస్తున్నాను, రావడం లేదు."

"అవును," అన్నాడు ఆయన, ఎవరో సొంత ఊరివాళ్ళు కనబడ్డట్టు. "అవును, అలాగే ఉండేది. ఆ సాసు?"

సాసు గురించి చెప్పింది. ముందు పులుపు, తర్వాత తీపి, అది టమాటా తీపి కాదు, పంచదార, చేదు తెలియకుండా పోశారు, అయినా చేదు అడుగున కూర్చుని ఉంది. ఆయన సాసు తిన్నాడు. బీన్స్ చెప్పింది, పైతొక్క విడిగా పిండి విడిగా, గొంతులో దిగకుండా అడ్డం నిలబడుతోందని. ఆయన బీన్స్ తిన్నాడు. అన్నం మెతుకు బయట మెత్తగా లోపల పలుకు అని చెబితే మెతుకులు పళ్ళ కింద పెట్టి వెతికి, ఉంది ఉంది అన్నాడు, పలుకు నాకూ తెలుస్తోంది అన్నాడు. ఒక ఎంచిలాడా అయిపోయింది. మాట ఆగితే చెంచా ఆగిపోతుందని ఆమెకు భయం, చిన్న ముక్కలు చేసుకుని తింటోంది, ఒక్కో ముక్కకు ఒక్కో తిట్టు వెతుక్కుంటోంది, ఇన్నేళ్ళూ తనమీద పడ్డ తిట్లన్నీ ఒక్కొక్కటే తీసి వాడుకుంటోంది, నూనె కాగలేదు, ఉల్లిపాయ వేగలేదు, ఉప్పు ఒక చోట కుప్పగా ఉంది ఒక చోట అసలు లేదు. బుధవారం ముల్లు ఎక్కడ నిలబడుతుందో తెలియదు. రెండు ముక్కలు తిన్న మనిషి ఒక కంచం తింటే ముల్లు కదులుతుందా, కదలదు, అంత అమాయకురాలు కాదు ఆమె. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. దవడ నొప్పి పుట్టిందేమో, మధ్యలో ఆగి చెంప రుద్దుకుని, మళ్ళీ ఆమె ముఖం వైపు చూసి, మళ్ళీ చెంచా ముంచాడు. కంచంలో ఆకు ఒక్కటే మిగిలింది. అది కూడా వాడిపోయిందని చెబితే అది కూడా తిన్నాడు.

ఒరిగి నడిచే వెయిటరు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఖాళీ కంచం చూసి అతనికి ఆశ్చర్యమే అయి ఉండాలి, ఈ బల్ల దగ్గర ఎప్పుడూ డబ్బాలో కట్టడమే అతని పని.

"అంతా బాగుందా అండీ?" అన్నాడు.

"ఏమీ బాగాలేదండీ," అంది ఆమె, ఆయన ముఖం మీదినుంచి చూపు తిప్పకుండానే. "ఒక్కటంటే ఒక్కటి కూడా బాగాలేదు. ఇంకో ప్లేటు తీసుకురండి."